చెట్టు లేని మైదానం మీద

మొదటి రోజంతా గిన్నెలే మాట్లాడాయి.
సెడూనా దాటగానే గరిటెల సొరుగు,
తర్వాత పొయ్యి మీది జాలీ,
వెనకెక్కడో ఒక చెంచా,
ఎంత వెతికినా దొరకని చెంచా,
గుంత వచ్చినప్పుడల్లా
తన పేరు తనే చెప్పుకునేది.
డెర్మట్ పియానోలు శ్రుతి చేసి బతికినవాడు.
"ఎఫ్ షార్పు" అన్నాడు రోడ్డు మీంచి చూపు తీయకుండా.
"పోనీలే, అదొక్కటైనా శ్రుతిలో ఉంది" అన్నాను.

రాత్రి మంచం కాళ్ళవైపు వాలిపోయింది.
చక్రాల కింద చెక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి
చివరికి గ్లాసుతో నీళ్ళు పెట్టి చూశాడు.
నీళ్ళు ఒప్పుకోలేదు.
పై బీరువా అంచూ నా నుదురూ
రెండుసార్లు పలకరించుకున్నాయి.
టీ పొడి కోసం నా చెయ్యి
బల్లరాట్ వంటింట్లో ఎడమవైపు అలమార ఉండే చోటికే వెళ్ళి
కిటికీ అద్దాన్ని తాకి తిరిగొచ్చింది.

జంతువుల కోసం నీలం అట్ట నోటుబుక్కు కొన్నాను.
మొదటి పేజీ ఎవరికీ చూపించను.
కంగారూ, రోడ్డు వారన, పొట్ట ఉబ్బి.
కంగారూ, తోక మాత్రం.
వాంబట్, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి.
దాని మీద గద్ద.
ప్రాణమున్నది అదొక్కటే,
అదీ నేను కలం మూత తీసేలోగా
వెనక అద్దంలో చుక్కైపోయింది.
గంటకి నూట పది కిలోమీటర్ల మీద
చచ్చినవే కనబడతాయి.
బతికున్నవాటికి
అంత తొందరగా కనబడే అలవాటు లేదు.

ఈ మైదానం పేరుకి అర్థమే చెట్టు లేదని.
చెట్టు లేని ఊళ్ళో ఆముదమే మహావృక్షమంటారే,
ఇక్కడ ఆ హోదా మోకాలెత్తు ఉప్పుపొదది.
దాని నీడలో కాపురాలుంటాయని
మూడో రోజు టైరు పేలితే గానీ తెలియలేదు.
నట్లు బిగుసుకుపోయాయి. ఫోను మూగబోయింది.
ఎదురొచ్చిన లారీవాడు యూక్లాలో చెబుతానని వెళ్ళిపోయాడు.

ఇక చేసేదేం లేక కూచున్నాం.
కూచున్న కాసేపటికి
రాయనుకున్నది కన్ను తెరిచింది.
దేవదారు కాయలాంటి పొలుసుల బల్లి,
తలేదో తోకేదో అదే మరిచిపోయినట్టుంది.
తారు మీద, నలిగిపోయిన ఇంకో బల్లి పక్కన
ముట్టె ఆనించి, కదలకుండా.

డెర్మట్ ఏమీ అనలేదు.
మా బండి వెనక పెట్టిన ఎర్ర త్రికోణాన్ని తీసుకుని
యాభై అడుగులు నడిచి
బల్లికి ముందు పెట్టొచ్చాడు.
రెండు లారీలు పక్కకి తప్పుకుని
హారన్‌తో తిట్టి పోయాయి.

సాయంత్రానికి టో బండిలో రోస్‌లిన్ దిగింది,
చెవి మీద సగం కాల్చిన సిగరెట్టుతో.
"బండి ఇక్కడ, బోర్డు అక్కడా?"
చూపించాం.
"ఓహో, జంట" అంది. "ఇది రేపటికీ కదలదు."
పార తెచ్చి చచ్చినదాన్ని మెల్లిగా ఎత్తి
పొద కింద పెట్టింది.
బతికున్నది ఆ దారినే పడింది,
చాలా సేపు పట్టింది, అంత కొంచెం దూరానికి.
అప్పటిదాకా రోస్‌లిన్ టైరు ముట్టుకోలేదు.
నా నోటుబుక్కు చూసి మాత్రం నవ్వింది.
"మీరు చూడాలనుకోకండి. ఆగి ఉండండి.
మీరేమిటో చూద్దామని అవే వస్తాయి."

అప్పట్నుంచీ ఎనభై దాటలేదు మేం.
నాలుగో రాత్రి సింకు పైపు కింద
చుక్క చుక్కకీ నాలుక చాపుతూ డింగో.
నేను లోపల కప్పు కడుగుతున్నాను,
కొళాయి కట్టడం మరిచిపోయినట్టు నటిస్తూ
ఇంకో చెంబెడు నీళ్ళు పారబోశాను.

ఇప్పుడు తల తనంతట తనే వంగుతోంది.
టీ పొడి చీకట్లోనూ దొరుకుతోంది.
మంచం ఇంకా కొంచెం వాలే ఉంది,
మేమే దానికి తగ్గట్టు వాలి పడుకుంటున్నాం.

చెంచాని వెతకడం మానేశాం.
నిన్న ఐరే దాటాక రోడ్డు నున్నగా మారితే
డెర్మట్ కంగారుగా బండి ఆపి, చెవి రిక్కించి,
కావాలనే చక్రాన్ని కంకర మీదికి దింపాడు.
పలికింది.
నీలం నోటుబుక్కులో దాన్నీ రాశాను:
చెంచా, ఒకటి.
వినబడింది. కనబడలేదు.